నివురుగప్పిన నక్షత్రలోకములు

అరకులోయ చుట్టునున్న కొండవాలులమీద వేసవి ముదిరిన దినములలో పోడునేలలను కాల్చుట పూర్వమునుండి వచ్చుచున్న వాడుక. నరికి ఎండవేసిన తుప్పలు, కొమ్మలు ఒక సాయంకాలము భగభగ మండి చల్లారును. మరునాడు ఉదయము చూచువారికి ఆ వాలంతయు బూడిదగప్పి తెల్లగా, చల్లగా కనబడును. కాని కొండపిల్లలెవ్వరును దానిమీద వట్టికాళ్ళతో నడువరు. బూడిదక్రింద మొద్దులు ఇంకను రగులుచుండునని వారెరుగుదురు. కంటికి ఏమియు కనబడకపోయినను, అరచేయి దగ్గరగా చాచినచో ఏ మొద్దులో నిప్పున్నదో చెప్పవచ్చును. నేడు చాలచోట్ల పోడునేలలు కాఫీతోటలకు చోటిచ్చినవి. అయినను నివురుగప్పిన నిప్పు అను మాట తెలియని తెలుగు విద్యార్థి ఉండడు.

ఏప్రిల్ నెలాఖరున రాత్రి పది గంటలవేళ అదే లోయలోని ఒక పాఠశాల ఆవరణములో నిలిచి ఉత్తరపు ఆకాశమును చూడుడు. సప్తర్షిమండలము ఎత్తున తలక్రిందుగా కనబడును. నలుగురు ఋషులు మంచపుకోళ్ళవలె, ముగ్గురు కుడివైపునకు సాగిన తోకవలె ఉందురు. తోక వచ్చి మంచమునకు తగులు చోటనున్న కోడు, ఏడింటిలోను మసకయైనది, అత్రి నక్షత్రము. అత్రికి క్రిందుగా, ధ్రువుని వైపునకు, కొంచెము కుడిప్రక్కగా, చాచిన చేతి మూడు వ్రేళ్ళ వెడల్పు మేర దిగినచో ఖాళీగానున్న ఒక చోటు వచ్చును. అచట కంటికి చెప్పుకోదగిన చుక్క ఏదియు లేదు.

ఆ ఖాళీచోటును 1995 డిసెంబరులో హబుల్ అంతరిక్ష దూరదర్శని పదిదినములపాటు రెప్పవేయక చూచినది. చంద్రబింబపు వెడల్పులో సుమారు పన్నెండవ వంతు మాత్రమే గల ఆ చిన్న కిటికీలో 342 ఛాయాచిత్రములు తీసి, వానినన్నిటిని ఒకటిగా కూర్చగా, దాదాపు 3000 గెలాక్సీలు బయటపడినవి. గెలాక్సీ యనగా మన పాలపుంతవంటి నక్షత్రలోకము. అంతకుముందు ఏ మానవుడును అంత దూరమునకు చూచి ఎరుగడు. ఇక ఆ కిటికీలో దాగినది ఏమియు లేదని చాలమంది తలచిరి.

రెండేండ్లు గడచిన తరువాత, 1998 ఆరంభమున, హవాయి ద్వీపములోని మౌనాకియా శిఖరమునుండి డేవిడ్ హ్యూస్ నాయకత్వమున ఒక శాస్త్రజ్ఞుల బృందము అదే చోటును వేరొక రకపు కన్నుతో చూచినది. ఆ కన్ను చూచునది వెలుతురును కాదు. మిల్లీమీటరు కంటె కొంచెము పొట్టివైన తరంగములను. సుమారు 50 గంటలు చూచిన మీదట ఐదు మచ్చలు మాత్రమే కనబడినవి. వానిలో అన్నిటికంటె ప్రకాశవంతమైన దానికి హెచ్.డి.ఎఫ్. 850.1 అని పేరు పెట్టిరి. హబుల్ తీసిన పటములో ఆ చోట వెదకగా దానికి సరిపోవు గెలాక్సీ నిశ్చయముగా ఇదియని చూపుటకు వీలుకాలేదు. ఒక కన్నునకు అందరికంటె గొప్పదిగా తోచిన వస్తువు రెండవ కన్నునకు లేనేలేదు! మూడువేల గెలాక్సీల లెక్క వ్రాసికొన్నవారు అసలైనదానిని వదలివేసిరన్నమాట.

దానిని కప్పియున్న నివురు ధూళి. ధూళి అనగానే బండ్లబాటలోని దుమ్ము మనసునకు తోచును గాని ఆ పోలిక సరికాదు. నక్షత్రములనడుమ నున్న కణములు మిల్లీమీటరులో పదివేలవ వంతు పరిమాణము గలవి. ఇసుకకు మూలమైన సిలికేటులు, మసిని పోలిన కర్బనము వానిలో ముఖ్యమైనవి. వయసుమీరిన నక్షత్రముల పొరలనుండియు, ప్రేలిపోయిన నక్షత్రములనుండియు అవి వెలువడును. వీనిని పొగ యనుటయే మేలు. కాని ధూళి అను పేరు స్థిరపడిపోయినది. అదే ఏప్రిల్ రాత్రి తెల్లవారుజాము మూడు గంటలకు లేచి దక్షిణదిక్కున వృశ్చిక, ధనూరాశుల నడుమ పాలపుంతను చూచినచో, దాని తెల్లదనమును చీల్చుచు నల్లని చారలు కనబడును. అచట నక్షత్రములు లేక కాదు, ముందున్న పొగ వానిని మరుగుపరచుట వలన ఆ నలుపు ఏర్పడినది. ఈ ధూళి దూరపు నక్షత్రగుచ్ఛముల కాంతిని మందగింపజేయునని 1930లో ట్రంప్లర్ అను శాస్త్రజ్ఞుడు కొలిచి నిరూపించెను.

మన ప్రాంతపు పాత నక్షత్రశాలలన్నియు వెలుతురునే నమ్ముకొన్నవి. అరకుకు దిగువన విశాఖపట్టణములో గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతమున తమ సొంత నక్షత్రశాలను నెలకొల్పిరి. హైదరాబాదులో 1901లో ఏర్పడిన నిజామియా నక్షత్రశాల అంతర్జాతీయ ఆకాశపటమునకై ఛాయాచిత్రములు తీసి 7 లక్షల 60 వేలకు పైగా నక్షత్రముల స్థానములను నిర్ణయించినది. చేతితో చేసిన ఆ కొలతల ఓపికను తలచుకొన్నపుడు నేటికిని ఆశ్చర్యము కలుగును. అయితే ఆనాటి ఛాయాచిత్రపు పలకలు నీలికాంతికే బాగుగా లొంగెడివి. ధూళి అన్నిటికంటె ఎక్కువగా మ్రింగునది ఆ నీలికాంతినే.

క్రొత్త నక్షత్రములు పుట్టు చోట ఈ చిక్కు మరింత హెచ్చు. నక్షత్రములు పుట్టునదే దట్టమైన వాయు ధూళి మేఘములలో. వానిలో బరువైనవి, మిక్కిలి ప్రకాశవంతమైనవి, కొద్ది మిలియన్ల సంవత్సరములే బ్రతుకును. పుట్టిన మేఘము విడిపోకమునుపే వాని ఆయువు తీరును. అందుచేత ఒక గెలాక్సీ ఎంత జోరుగా నక్షత్రములను కనుచున్నదో, అంత గాఢముగా అది తన పొగలో తానే మునిగియుండును.

కాని మ్రింగిన కాంతి ఎచటికి పోవును? శక్తి నశించునది కాదు గదా. ధూళికణము కాంతిని మ్రింగి వేడెక్కును. ఆ వేడిని మరల కిరణములుగా వెళ్ళగ్రక్కును. వేడెక్కుట యన్నామే గాని, ఆ వేడి సుమారు 35 కెల్విన్లు, అనగా సున్నకు దిగువన 238 సెంటిగ్రేడు డిగ్రీలు! ఇంత చల్లని వస్తువు ప్రకాశించునా అని తరగతిలో ఎవరైన అడిగినచో అది మంచి ప్రశ్నయే. పరమశూన్యమునకు పైనున్న ప్రతి వస్తువును ఏదో ఒక తరంగదైర్ఘ్యమున ప్రకాశించుచునే యుండును. 2900ను కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగించినచో, ఆ వస్తువు ఎక్కువగా వెలుగు తరంగదైర్ఘ్యము మైక్రానులలో వచ్చును. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. సూర్యుని ఉపరితలమునకు ఈ లెక్క 0.5 మైక్రాను చూపును, అది కంటికి కనబడు వెలుగు. కుంపటిలోని నిప్పుకణికకు మూడు మైక్రానులు. మన శరీరమునకు తొమ్మిది. 35 కెల్విన్ల ధూళికి 83 మైక్రానులు. ఇది కంటికి ఏమాత్రమును అందని దూరపు పరారుణము.

1983లో ప్రయోగించిన ఐరాస్ ఉపగ్రహము ఆకాశమంతటను ఈ పరారుణమును వెదకి, కొన్ని గెలాక్సీలు తమ శక్తిలో దాదాపు అంతయు ఈ రూపముననే వెదజల్లుచున్నవని చూపినది. మనకు 25 కోట్ల కాంతిసంవత్సరముల దూరముననున్న ఆర్ప్ 220 వానిలో ప్రసిద్ధమైనది. రెండు గెలాక్సీలు ఢీకొని కలిసిపోవుచుండుట వలన అట్లు రగులుచున్నది. తరువాత 1989లో ఎగిరిన కోబీ ఉపగ్రహపు కొలతలలోనుండి, 1996 నుండి 1998 వరకు జరిగిన పరిశోధనలలో, ఆకాశమంతట పరచుకొన్న ఒక మసక పరారుణ కాంతి బయటపడినది. దానిని లెక్కవేయగా, విశ్వములో నక్షత్రములు ఇంతవరకు వెదజల్లిన కాంతిలో సుమారు సగము ధూళిచే మ్రింగబడి ఈ రూపమున మనకు చేరుచున్నదని తేలినది. సగము! అప్పటికే హబుల్ పటమును ఆధారము చేసికొని, విశ్వచరిత్రలో ఏ కాలమున ఎన్ని నక్షత్రములు పుట్టినవో రేఖాపటము గీయుచుండిరి. ఖాతాలో సగము జమ కనబడకున్నపుడు ఆ లెక్కను ఎవరు నమ్మగలరు? ఆ సగమును పంపుచున్న గెలాక్సీలు ఎచటనున్నవో ఒక్కొక్కటిగా చూపవలసి వచ్చినది.

ఇచట ప్రకృతి మనకొక విచిత్రమైన సాయము చేసినది. దూరపు గెలాక్సీలనుండి వచ్చు తరంగములు, విశ్వము వ్యాకోచించుచుండుట వలన, దారిలో సాగును. దీనిని అరుణ విస్థాపనము అందురు. తరంగము రెండింతలు సాగినచో విస్థాపనము 1. నాలుగింతలు సాగినచో 3. కావున 83 మైక్రానుల కాంతి విస్థాపనము 3 గల గెలాక్సీనుండి 332 మైక్రానులుగా, మిల్లీమీటరులో మూడవ వంతుగా, మనలను చేరును.

ధూళి వెలుగుయొక్క వర్ణపటమును ఒక కొండగా ఊహింపుడు. శిఖరము 83 మైక్రానుల వద్ద. పొడుగు తరంగముల వైపున ఆ కొండకు దీర్ఘమైన వాలు కలదు. మనము 850 మైక్రానుల వద్ద మన పరికరమును పాతి కదలక కూర్చున్నాము. అనగా కొండయొక్క అడుగుభాగమున ఉన్నాము. గెలాక్సీ దూరమైనకొలది కొండ మొత్తము మనవైపునకు జరుగును. మనము కదలకయే వాలుమీద పైకి పోవుదుము. విస్థాపనము 1 అయినపుడు 425 మైక్రానుల ఎత్తునను, 3 అయినపుడు 212 మైక్రానుల ఎత్తునను ఉందుము. లెక్కవేసి చూచినచో, మొదటిదానినుండి రెండవదానికి పోవునపుడు దూరము వలన కాంతి సుమారు 15 రెట్లు మందగింపవలెను. కాని వాలు ఎక్కుట వలనను, తరంగములు సాగుట వలనను కలుగు లాభము సుమారు 12 రెట్లు. నష్టము, లాభము చాలవరకు చెల్లిపోయినవి. ఒకే విధమైన గెలాక్సీ ఎనిమిదివందల కోట్ల సంవత్సరముల నాటిదైనను, పదకొండు వందల కోట్ల సంవత్సరముల నాటిదైనను, 850 మైక్రానుల వద్ద ఇంచుమించు ఒకే వెలుగుతో కనబడును. బిడ్డ ఎంత దూరము పోయినను కేక ఒకే తీరుగా వినబడినట్లు! వెలుతురులో జరుగునది దీనికి వ్యతిరేకము. గెలాక్సీ దూరమైనకొలది, దాని అతినీలలోహిత కాంతి మన దృశ్యకాంతిగా మారి వచ్చును. ధూళి మింగివేయునది ముందుగా దానినే.

అట్లయిన అరకులో ఒక పళ్ళెమును ఆకాశమునకు త్రిప్పి పెట్టినచో చాలదా? చాలదు. అడ్డుపడునది నీటి ఆవిరి. శీతకాలపు ఉదయమున లోయను నింపు తెల్లని మంచుపొగ ఇక్కడ ముఖ్యదోషి కాదని గమనింపవలెను. ఆ పొగ చిన్న నీటిబిందువులు, పొద్దెక్కగానే విడిపోవును. దాని తరువాత కనబడు నిర్మలమైన నీలాకాశమునందును కంటికి కనబడని ఆవిరి ఉండనే ఉండును. మిల్లీమీటరులోపు తరంగములకు ఆ నీలాకాశము నల్లని గోడ. మన తలపైనున్న గాలిలోని ఆవిరినంతయు నీరుగా మార్చి నేలపై పరచితిమనుకొందము. వానకాలమున విశాఖతీరమున ఆ నీరు సుమారు ఐదు సెంటీమీటర్ల లోతుండును. దానిలోనుండి 850 మైక్రానుల తరంగము పదివేల వంతులలో ఒక వంతుకూడ చేరుట కష్టము. ఆ లోతు రెండు సెంటీమీటర్లే అయినచో నూటికి రెండు మూడు పాళ్ళు చేరును. ఒక్క మిల్లీమీటరయినచో నూటికి 75కు మించి చేరును.

అందుచేతనే ఈ పనికి మిక్కిలి ఎత్తైన, మిక్కిలి ఎండిన స్థలములు వెదకిరి. తూర్పు కనుమలలో మన ఆర్మకొండ 1680 మీటర్లు; మౌనాకియామీది జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ దూరదర్శని 4092 మీటర్ల వద్దనున్నది. సముద్రము నడుమనున్నను, ఆవిరి చాలవరకు మేఘములతోపాటు శిఖరము క్రిందనే నిలిచిపోవును. మన దేశములో లడాఖునందలి హాన్లేలో, 4500 మీటర్ల ఎత్తున, 220 గిగాహెర్ట్జుల రేడియోమీటరుతో ఆకాశమును పరీక్షించి శీతకాలపు గాలి ఇట్టి పనికి తగినంత పొడిగా ఉండునని చూచిరి.

హవాయిలోని ఆ పళ్ళెము వెడల్పు 15 మీటర్లు. దాని నాభియందు 1997లో పని ప్రారంభించిన పరికరము పేరు స్కూబా. ఒక తరంగదైర్ఘ్యమునకు 37, మరియొకదానికి 91 చొప్పున బోలోమీటరులు దానిలో కలవు. బోలోమీటరు అనగా సూక్ష్మమైన ఉష్ణమాపకము. కిరణము పడగానే వేడెక్కి విద్యున్నిరోధమును మార్చుకొనును. పోడునేలమీద చాచిన అరచేయి చేయు పని అదియే. కాని అరచేయి తానే వేడిగానున్నచో నిప్పు తెలియదు గదా. అందుచేత వానిని పరమశూన్యమునకు ఒక డిగ్రీలో పదవవంతు మాత్రమే పైన ఉండునట్లు చల్లబరచిరి. పరికరము చల్లబడినను ఆకాశము చల్లబడదు. తలపైనున్న గాలి, గెలాక్సీకంటె లక్షరెట్లు అధికముగా ఇదే తరంగములను వెదజల్లును. ధాన్యపుబండిని త్రాసులో నుంచి దానిపై చీమ ఎక్కినదా లేదా అని తెలిసికొనుటవంటిది ఈ చిక్కు. దానికి చేసిన ఉపాయమేమనగా, చిన్న అద్దమును సెకనుకు ఏడెనిమిది సార్లు ఊపి, ఒకసారి గెలాక్సీ ఉన్న చోటును, ఒకసారి ప్రక్కచోటును చూచి, ఒకదానినుండి మరియొకదానిని తీసివేయుట. గాలి రెంటికిని సమానమే కనుక చెల్లిపోవును, మిగిలినది చీమ.

1997లో స్మెయిల్, ఐవిసన్, బ్లెయిన్ అనువారు గెలాక్సీగుచ్ఛముల వెనుక మొదటి మచ్చలను చూచిరి. మరుసటి సంవత్సరము సప్తర్షిమండలపు ఐదు మచ్చలు బయటపడినవి. అక్కడినుండి కథ నెమ్మదించినది. పళ్ళెము 15 మీటర్లదే అయినను, తరంగము పొడుగైనది కావున చూపు మొద్దుబారియుండును. ఒక్కొక్క మచ్చ 15 వికలల వెడల్పు. అంతలో హబుల్ చూపిన గెలాక్సీలు అనేకము పట్టును. వానిలో ఏది అసలైనదో, లేక ఏదియు కాదో చెప్పుట ఎట్లు? ఊరిలో పొగ లేచుచున్నది గాని ఏ ఇంటినుండియో తెలియదు. ఈ దశలో రేడియో దూరదర్శనులు అక్కరకు వచ్చినవి. నక్షత్రములు ప్రేలిన చోట రేడియో తరంగములు పుట్టును. వానితో మచ్చ నిజస్థానమును సన్నగా గుర్తించి, చాప్‌మన్ బృందము కెక్ దూరదర్శనితో 2005 నాటికి 73 గెలాక్సీల దూరములను నిర్ణయించినది. వానిలో ఎక్కువవాని కాంతి వెయ్యికోట్ల సంవత్సరముల క్రిందట బయలుదేరినట్టిది.

కాని మొట్టమొదటి మచ్చ హెచ్.డి.ఎఫ్. 850.1 మాత్రము లొంగలేదు. ముందు ఒక దీర్ఘవృత్తాకారపు గెలాక్సీ అడ్డుగానున్నది. అదియే ఇదా, లేక దాని వెనుకనున్నదా అను వాదము చాలకాలము సాగినది. చివరకు 2012లో వాల్టర్ నాయకత్వపు బృందము ఫ్రాన్సులోని ఆల్ప్స్ పర్వతములమీది పళ్ళెములవరుసతో దాని కర్బన, కార్బన్ మోనాక్సైడు రేఖలను పట్టుకొన్నది. తరంగములు 6.18 రెట్లు సాగియుండినవి. అనగా కాంతి బయలుదేరి 1250 కోట్ల సంవత్సరములైనది; విశ్వమునకు అప్పుడు వయసు 110 కోట్లు. ఒక వస్తువును చూచుటకు 50 గంటలు, అది ఎంత దూరముననున్నదో చెప్పుటకు 14 సంవత్సరములు!

దాని జోరు లెక్కవేయగా సంవత్సరమునకు సుమారు 850 సూర్యుల బరువు గల నక్షత్రములు పుట్టుచున్నవని తేలినది. మన పాలపుంతలో ఆ లెక్క ఒకటి రెండు. ఇంకొక చిక్కు కూడ కలదు. ధూళి నక్షత్రముల బూడిద యని పైన చెప్పితిమి. విశ్వము అంత పసితనమున ఉన్నపుడే అంత బూడిద ఎట్లు చేరినది? ప్రేలిన నక్షత్రముల నుండియే వచ్చినదా, లేక వాయువులో కణములు పెరిగి పెద్దవైనవా అను విషయమున పరిశోధకులు ఇంకను ఏకీభవింపలేదు.

తరువాతి పనికి చిలీ దేశపు అటకామా ఎడారి కేంద్రమైనది. సుమారు 5000 మీటర్ల ఎత్తున 66 పళ్ళెములు కలసి ఒకే కన్నుగా పనిచేయు అల్మా 2013లో లాంఛనముగా ప్రారంభమైనది. పళ్ళెములను కిలోమీటర్ల దూరములకు విస్తరించి నిలుపుట వలన దాని చూపు హబుల్ చూపునకు తీసిపోదు. పూర్వము ఒక పళ్ళెమునకు ఒకే మచ్చగా తోచినవి అనేకము రెండు మూడు వేరు గెలాక్సీలని అది వెంటనే చూపినది. లెక్కలు మరల సవరింపవలసి వచ్చినది.

2022 నుండి పనిచేయుచున్న జేమ్స్ వెబ్ దూరదర్శని, పరారుణమున ఇంకను పొడుగు తరంగములను చూడగలదు. అత్రి నక్షత్రము దాపున హబుల్ ఏమియు చూడలేకపోయిన చోట దానికి ఎర్రని తునకలు కనబడినవి. 2023లో వాని హైడ్రోజను రేఖ కూడ దొరికినది. ప్రయోగశాలలో ఆ ఎర్రని రేఖ 0.656 మైక్రానుల వద్దనుండును. వెబ్ దానిని ఎన్ని మైక్రానుల వద్ద పట్టుకొన్నదో తెలిసికొనుటకు విద్యార్థులు 0.656ను 6.18తో హెచ్చించిన చాలును.